కింది రెప్ప గీత

జూన్ 12

గీతలు ఈ రోజూ కలవలేదు. ఇది రెండోసారి.

పొద్దున్నే ఊదా సిరా కలిపి, పుల్లలు సన్నగా చెక్కుకున్నాను. గాజుపలక మీద ధూళి రెండుసార్లు తుడిచాను. ఎన్ని తలుపులు వేసినా ఈ చంద్రుడి ధూళి లోపలికి వచ్చేస్తుంది. సిరాలో ఒక్క రేణువు పడినా మొహం మీద గీత చీలిపోతుంది. అప్పుడు దాలినాయుడు గారిని తీసుకుని బరువు గదిలోకి వెళ్లాను. ఆయనకి అరవై ఒకటి. పద్దెనిమిదేళ్లు ఇక్కడ సొరంగాలు తొలిచాడు, వచ్చే నెల ఓడలో బొబ్బిలి వెళ్లిపోతున్నాడు.

బయట నుంచి మెకానిక్ నూకరాజు గది తిప్పడం మొదలుపెట్టాడు. లోపల ఉన్నవాళ్లకి తిరుగుతున్నట్టు తెలియదు, ఒళ్లు బరువెక్కుతుంది, అంతే. గోడ మీది బోర్డులో 'భూమి బరువు' అని పచ్చగా వెలిగింది. ఇక్కడ ఇన్నేళ్లూ పూర్ణంబూరెల్లా నిండుగా ఉన్న ఆయన బుగ్గలు మెల్లగా దవడ మీదికి జారాయి.

"ఇదేనేటండీ కింద నా మొహం?" అన్నాడు అద్దంలో చూసుకుని. "మా మనవలు జడుసుకుంటారు."

"అందుకేగా ఇక్కడే సరిచేసి పంపేది," అన్నాను. "కదలకండి."

ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. కత్తి ఎక్కడ పడాలో మొహం మీద గీస్తాను. పడుకోబెట్టి గీస్తే బుగ్గలు చెవుల వైపు పోయి లెక్క తప్పుతుంది. కూర్చోబెట్టే గీయాలి, అదీ భూమి బరువులోనే. ముందు నుదుటి మధ్య నుంచి గడ్డం దాకా నిలువు గీత. "నవ్వండి. కనుబొమలు ఎత్తండి. కళ్లు గట్టిగా మూయండి. బుగ్గలు పూరించండి." ఏ మడత నవ్వుతో పడిందో, ఏది బరువుతో పడిందో అప్పుడే తెలుస్తుంది. చెవి ముందు నుంచి నరం వెళ్లే దారిలో చుక్కలు పెడతాను. కత్తి అటు పోకూడదు. అన్నిటికన్నా కష్టమైనది కింది రెప్ప. దాన్ని ఆఖరికి గీస్తాను. "పైకి చూడండి. నోరు తెరవండి." అప్పుడు రెప్ప కింద చర్మం ఎంత వదులుగా మిగిలిందో పట్టి చూసి, అంతవరకు తియ్యొచ్చని గీత పెడతాను.

నేను ముగించాక యంత్రం వంతు. అది ఎముకనీ చర్మాన్నీ కొలిచి, తన లెక్క ప్రకారం అదే మొహం మీద వెలుగు గీతలు వేస్తుంది. నా సిరా మీద దాని వెలుగు సరిగ్గా పడాలి. ఇన్నేళ్లూ పడింది. కిందటిసారీ, ఈ రోజూ కింది రెప్ప దగ్గర మాత్రం వెలుగు గీత నా గీతకి రెండు మిల్లీమీటర్లు పైన ఆగింది. నేను తియ్యమన్నంత చర్మం తియ్యొద్దంటోంది.

డాక్టర్ హేమాంబర్ వంగి చూశాడు. కింద నుంచి వచ్చి రెండు నెలలైంది, ముప్పై నాలుగేళ్లవాడు.

"సలోమి గారూ, ఈసారికి వెలుగు గీత ప్రకారం వెళ్దామా? తక్కువ తీస్తే మళ్లీ తియ్యొచ్చు. ఎక్కువ తీస్తే..."

"నిబంధన ఏమిటి డాక్టర్ గారూ?"

ఆయన కాగితం నా ముందుకి జరిపాడు.

"చేతి గీతదే చివరి మాట," అన్నాను. సంతకం పెట్టాను. ఆయనా పెట్టాడు.

ఈయన వచ్చిన వారంలోనే యంత్రానికి కొత్త లెక్కలు ఎక్కించాడు. పక్క స్థావరంలో కూడా ఇలాగే మొదలైంది. అక్కడ గీతలు గీసే ఆవిడ ఇప్పుడు ధూళి వడగట్టే గుడ్డలు ఉతుకుతోంది. ఇవన్నీ ఈ పుస్తకంలో రాసి పెట్టుకుంటున్నాను. తెర మీద రాసింది ఎవరైనా మార్చగలరు.

జూలై 3

నాలుగో పేషెంటు. మళ్లీ అదే రెప్ప, అవే రెండు మిల్లీమీటర్లు.

ముందు నా చేతినే అనుమానించాను. నాకు యాభై ఎనిమిది. గదికి వచ్చి కాగితం మీద వంద గీతలు గీసి భూతద్దంతో చూశాను. వణుకు లేదు. నిజం చెప్పాలంటే ఈ మధ్య ఒళ్లు తేలిగ్గా ఉంటోంది. బరువు గది నుంచి బయటికి వస్తే మోకాళ్లు పట్టుకుని కూర్చునేదాన్ని, ఇప్పుడు ఆ బాధ లేదు. కాబట్టి తేడా నాలో లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక వెనక్కి వచ్చాను. డాక్టర్ హేమాంబర్ యంత్రం ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తెర నిండా కింది రెప్పల బొమ్మలు, అన్నీ నేను గీసినవే. నన్ను చూసి తెర మూసేశాడు.

"భోంచేశారా?" అన్నాడు.

"మీరు చెయ్యలేదే?" అన్నాను.

"ఏదో చిన్న లెక్క చూసుకుంటున్నాను."

నేను సిరాసీసా తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆగస్టు 9

ఏడుగురయ్యారు. ప్రతిసారీ ఆయన అదే మాట అడుగుతాడు, నేను అదే జవాబు చెబుతాను. నిన్న ఇద్దరు నర్సుల ముందే కొంచెం గట్టిగా చెప్పాను. "మీరు బడికి వెళ్లే రోజుల నుంచీ నేను మొహాల మీద గీతలు గీస్తున్నాను. మీ యంత్రాన్ని ముందు సరిచేసుకోండి." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా గీత మీదే కోశాడు.

నూకరాజు తీరు కూడా మారింది. పదిహేనేళ్లుగా ఇద్దరం ఒకే బల్ల దగ్గర తింటున్నాం. నా గిన్నెలో కరివేపాకు ఏరుకుని తినేవాడు. ఇప్పుడు అన్నం కెలికి లేచిపోతున్నాడు. ఈ రోజు ఉన్నట్టుండి అడిగాడు.

"అక్కా, గదిలో నీకు ఏటైనా తేడాగా ఉందా?"

"గదిలో ఏముంది? తేడా యంత్రంలో ఉంది," అన్నాను.

"అంతేలే," అని ఊపిరి వదిలాడు. ఆ తర్వాత అన్నం మొత్తం తిన్నాడు.

అతను ఎందుకు అడిగాడు? డాక్టరు అడిగించి ఉంటాడు. నేను మెత్తబడ్డానో లేదో చూడమని ఉంటాడు. ఇక మీదట నూకరాజు దగ్గర కూడా జాగ్రత్తగా మాట్లాడాలి.

సెప్టెంబరు 14

దాలినాయుడు గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కింద వాళ్లమ్మాయి రాసి పంపింది.

ఆయన కుడికన్ను మూతపడటం లేదట. ఎడమది కూడా సగమే పడుతోందట. కింది రెప్ప బయటికి తిరిగి ఎర్రగా కనిపిస్తోంది, ఎప్పుడూ నీరు కారుతోంది. తడిగుడ్డ వేసుకుని నిద్రపోతున్నాడు. బొబ్బిలి గాలికి, దుమ్ముకి బయటికి వెళ్లలేకపోతున్నాడు. "ఆ డాక్టర్ని అడగండి, మా నాన్నకి ఏం చేశాడో," అని చివర్లో ఉంది.

ఉత్తరం పట్టుకుని తిన్నగా హేమాంబర్ గదికి వెళ్లాను.

"నా గీత దాటి ఎందుకు కోశారు?"

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. మొహం తెల్లబోయింది. ఆపరేషన్ రికార్డు తెర మీద పెట్టాడు. దాలినాయుడు గారి కన్ను గోడంత పెద్దదిగా కనిపించింది. నా ఊదా గీత, దాని మీద కత్తి. తలవెంట్రుక అంత కూడా తప్పలేదు.

"నేను సరిగ్గా మీ గీత మీదే కోశాను," అన్నాడు. "బుగ్గ పూర్తి బరువుతో దిగితే కింది రెప్పని కిందికి లాగుతుంది. అప్పుడు రెప్పకి చర్మం చాలదు. యంత్రం రెండు మిల్లీమీటర్లు వదలమన్నది అందుకే."

"మరి బరువు గదిలో నేను చూసినప్పుడు బుగ్గ దిగింది కదా? చర్మం మిగిలింది కదా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. మీ గీతలన్నీ పెట్టుకుని రోజూ చూస్తున్నాను. మీ చెయ్యి తప్పు కాదు. యంత్రం లెక్కా తప్పు కాదు. రెండూ ఒప్పయితే తేడా ఎలా వస్తుంది?"

నేను ఆయన్ని నమ్మలేదు. నమ్మలేదని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను.

సెప్టెంబరు 20

ఈ రోజు రత్నాంగి మొదటిసారి వచ్చింది. నీళ్లు శుద్ధి చేసే విభాగంలో పంపులు చూస్తుంది. నలభై తొమ్మిదేళ్లు. అక్టోబరు ఇరవైన ఓడ, నవంబరులో తునిలో పెళ్లి.

"పెళ్లికొడుకు మోటార్లు బాగుచేస్తాడండి," అంది. "ఆరేళ్ల కిందట మా పంపు ఒకటి చెడిపోతే ఎలా విప్పాలో తెర మీద చెప్పాడు. పంపు నాలుగు రోజుల్లో బాగయింది. మాటలు మాత్రం ఆగలేదు." నవ్వుతూ బుగ్గలు పట్టుకుంది. "నాకు చిన్నపిల్ల మొహం అక్కర్లేదండి. ఆయన ఆరేళ్లుగా చూస్తున్న ఈ మొహమే అక్కడా ఉండాలి. ఓడ దిగగానే ఇదెవరు అనుకోకూడదు."

మొహం చూడటానికి బరువు గదిలోకి తీసుకెళ్లాను. గది తిరిగింది, బోర్డు పచ్చగా వెలిగింది. నేను సిరా మూత తీస్తుంటే ఆవిడ రెండు చేతులూ పైకెత్తి జుట్టు ముడి వేసుకుంది. నోట్లో పిన్నులు పెట్టుకుని, కబుర్లు చెబుతూ, తీరిగ్గా.

"పోయిన సంవత్సరం గుండె పరీక్షకి ఈ గదిలోకి వచ్చానండి," అంది. "చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. ఇప్పుడు చూడండి, జడ కూడా వేసేసుకోగలను. అలవాటు పడిపోయినట్టున్నాను."

అలవాటు ఎలా పడుతుంది? ఏడాదిగా ఆవిడ ఈ గదిలోకి రానే లేదు.

నా చేతిలో పుల్ల ఆగిపోయింది. మూడు నెలలుగా నొప్పి తెలియని నా మోకాళ్ల వైపు చూసుకున్నాను. "ఈ రోజుకి చాలండి, రేపు గీద్దాం," అని ఆవిడని పంపేశాను.

సెప్టెంబరు 21

పదో తరగతిలో మా లెక్కల మేడం చేయించిన ప్రయోగం గుర్తుంది. మీటరు దారానికి బరువు కట్టి ఊపితే, భూమ్మీద నిమిషానికి ముప్పై సార్లు పోయి వస్తుంది. కట్టింది ఏదైనా ఒకటే, ఆ చోటు కిందికి లాగే బలం తగ్గితే ఊపు నిదానమవుతుంది. దారానికి, బరువుకి అబద్ధం చెప్పడం రాదు.

గది తుడవాలని నూకరాజుకి చెప్పి లోపలికి వెళ్లాను. సిరాసీసాకి దారం కట్టి, పైన దీపం కొక్కేనికి తగిలించాను. బోర్డు పచ్చగా వెలిగాక చిన్నగా ఊపి వదిలాను. వాచీ చూస్తూ లెక్కపెట్టాను.

ఇరవై ఏడు.

మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఏడు. మూడోసారి కూడా ఇరవై ఏడే.

లెక్క కడితే భూమి బరువులో అయిదో వంతు తక్కువ. బోర్డు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. నేను అన్ని మొహాలూ పూర్తిగా దిగకముందే గీశాను. పూర్తిగా దిగని బుగ్గ చూసి రెప్ప కింద చర్మం మిగులు ఉందనుకున్నాను. యంత్రం ఈ గదిని చూడదు, నిజమైన భూమి బరువునే లెక్కవేస్తుంది. ఇన్నాళ్లూ యంత్రం వద్దంటూనే ఉంది. డాక్టరూ అడుగుతూనే ఉన్నాడు. ఇద్దరి నోళ్లూ మూయించింది నేనే.

పదకొండు మంది. ఎనిమిది మంది దిగిపోయారు, ముగ్గురు ఇంకా ఇక్కడే ఉన్నారు.

సెప్టెంబరు 22

నూకరాజుని గది కింద ఇరుసు దగ్గర పట్టుకున్నాను. నూనెడబ్బాతో వంగి ఉన్నాడు.

"ఇరవై ఏడు," అన్నాను.

"ఏటక్కా?"

"దారం కట్టి చూశాను నూకరాజూ. ముప్పై రావాలి."

డబ్బా కింద పెట్టాడు.

"మే నెలలో బేరింగు అరిగిపోయింది," అన్నాడు. "పూర్తి వేగం ఇస్తే గది మొత్తం అదిరిపోతంది. విరిగిందంటే లోపలున్నోళ్లు బతకరు. సూపరింటెండెంటు గారికి చెప్పాను. కొత్త బేరింగు డిసెంబరు ఓడలో గాని రాదన్నారు. అప్పటిదాకా వేగం తగ్గించి తిప్పు, బోర్డు నేను చూసుకుంటాను అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాలనే అడిగాను గదక్కా ఆ రోజు. గదిలో తేడా ఉందా అని. నువ్వు లేదన్నావు. నువ్వే లేదంటే, పర్వాలేదు గావాలనుకున్నాను." ఆ మాటతో ఏడ్చేశాడు. "మొహాలకి ఇంత అవుద్దని నాకేటి తెలుసక్కా? గీతలు నీకు గదా తెలిసింది."

అతన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. అతను చెప్పినదాంట్లో నేను కాదనగలిగింది ఒక్క ముక్క కూడా లేదు.

సెప్టెంబరు 23

సూపరింటెండెంట్ పరాంకుశం గారు నన్ను కూర్చోమన్నారు. టీ తెప్పించారు. నేను చెప్పేదంతా ఆపకుండా విన్నారు.

"గది ఆపేస్తే ఏమవుతుందో తెలుసా అమ్మా?" అన్నారు. "కిందికి దిగే ప్రతివాడూ ముందు మూడు వారాలు ఈ గదిలో కూర్చుని గుండెకి బరువు అలవాటు చేసుకోవాలి. గది లేకపోతే ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేకపోతే ఓడ ఎక్కనివ్వరు. నలభై రెండు మంది ఎదురుచూస్తున్నారు. వాళ్లందరికీ జవాబు మీరు చెబుతారా?"

"తక్కువ బరువులో కూర్చోబెట్టి ధ్రువపత్రం ఇవ్వడం ఇంకా ప్రమాదం కదండీ?"

"ఇప్పటిదాకా ఎవరికీ గుండె ఆగలేదు."

"ఒకాయనకి కన్ను మూతపడటం లేదు."

ఆయన సొరుగులోంచి ఫైలు తీసి నా ముందు తిప్పి పెట్టారు. పదకొండు కాగితాలు. పదకొండిటి మీదా వెలుగు గీత వేరుగా పడిందని డాక్టరు రాసిన వ్యాఖ్య, కింద 'చేతి గీతే ఖాయం' అని నా రాత, నా సంతకం.

"బేరింగు సంగతి ఈ కాగితాల్లో ఎక్కడా లేదు," అన్నారు నెమ్మదిగా. "ఇవి చదివినవాళ్లకి ఏం కనిపిస్తుందో మీరే ఆలోచించుకోండి. మూడు నెలలు ఓపిక పట్టండి. రెప్ప గీతలు మాత్రం యంత్రం ప్రకారం పెట్టేయండి, ఇక ఎవరికీ నష్టం ఉండదు."

టీ తాగకుండానే లేచి వచ్చేశాను. దారిలో ఒక్క ఆలోచన. ఆయన చెప్పినట్టు చేస్తే ఇకముందు కళ్లు బాగానే ఉంటాయి, నా పనీ ఉంటుంది. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందని కూడా రాసి పెడుతున్నాను.

సెప్టెంబరు 25

నిన్న పొద్దున ముందుగా డాక్టర్ హేమాంబర్ దగ్గరికి వెళ్లాను. దారం, సీసా బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. లేచి నాతో పాటు బరువు గదికి వచ్చి తనే లెక్కపెట్టాడు. ఇద్దరం కలిసి నివాసుల సభకి వెళ్లాం. నూకరాజు వస్తాడని అనుకోలేదు. మేం మాట్లాడటం మొదలుపెట్టాక వెనక తలుపు దగ్గర నిలబడి, "బోర్డు అబద్ధం, వేగం తగ్గించింది నేనే," అని గట్టిగా చెప్పాడు. సభలో గోల మొదలైంది. సాయంత్రానికి గదికి తాళం పడింది. పరాంకుశం గారిని పక్కన పెట్టి, కింద నుంచి విచారణ వేశారు.

భోజనశాలలో నేను కూర్చుంటే పక్కవాళ్లు లేచి వెళ్లిపోతున్నారు. పిల్లల దగ్గరికి, సొంత ఊళ్లకి వెళ్లాల్సినవాళ్లు వాళ్లు. వాళ్ల కోపం తప్పు కాదు.

రత్నాంగి నా గదికే వచ్చింది.

"పదకొండు సార్లు మీకు ఏమీ తెలియలేదు," అంది. "పన్నెండోసారి నా దగ్గరే తెలియాలా? ఇంకొక్క నెల తెలియకపోతే ఏం పోయేదండి?"

"మీ కన్ను పోయేదమ్మా," అన్నాను.

"పోతే నాది కదా పోయేది!" అని అరిచింది. మంచం అంచు మీద కూలబడింది. "ఆయనకి ఎలా చెప్పాలి? ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాను. ఒకసారి ఓడ రద్దయింది, ఒకసారి జ్వరం. ఈసారి వాళ్లక్క నమ్మదు. ఈవిడ అసలు దిగే మనిషి కాదు, ఆడిస్తోంది అంటుంది. ఆయన కూడా లోపల అదే అనుకుంటాడు."

"నేను చెబుతాను," అన్నాను.

అక్టోబరు 2

తునికి మాట కలిసింది. ఇక్కడ అన్నది అక్కడ వినిపించి, జవాబు తిరిగి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. పెళ్లికొడుకు శివరావు గారు షెడ్డులోనే ఉన్నాడు. వెనక మోటార్లు వేలాడుతున్నాయి, భుజం మీద నూనె తువ్వాలు. పక్కన కుర్చీలో వాళ్లక్క చేతులు కట్టుకుని కూర్చుంది.

బేరింగు నుంచి మొదలుపెట్టి చెప్పాను. మోటార్ల మనిషి కదా, అక్కడిదాకా తల ఊపుతూ విన్నాడు. పెళ్లి నవంబరులో కుదరదు అనగానే వాళ్లక్క అందుకుంది.

"ఈసారి బేరింగా?" అంది. "ప్రతిసారీ ఏదో ఒకటి ఉంటుందిలే."

శివరావు గారు ఆవిడని వారించలేదు. రత్నాంగి వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంది. ఇన్ని నెలలుగా నా అద్దంలో నాకు కనిపించిన చూపే అది, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?

"ఆపరేషన్ ఎందుకండీ అసలు?" అన్నాడు చివరికి. "మనిషి బాగానే ఉంది కదా. వచ్చేస్తే సరిపోద్ది."

రత్నాంగి తల వంచుకుంది. తన నోటితో చెప్పలేకపోతోందని అర్థమైంది.

"మీకు చూపిస్తాను," అన్నాను.

సిరా తీశాను. బరువు గది లేదు, నా అనుభవం ఉంది. ఆవిడ గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పి, కనుబొమ కింద ఒక గీత పెట్టాను. "ఇది అక్కడ ఇంత దిగుతుంది. పైరెప్ప సగం మూస్తుంది." ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా ఒకటి. "ఈ మడత లోతవుతుంది." దవడ అంచున రెండు. "బుగ్గలు ఇక్కడికి వస్తాయి." మెడ మీద మూడు. తర్వాత రెండు అరచేతులతో ఆవిడ బుగ్గల్ని మెల్లగా కిందికి లాగి, ఆ గీతల దగ్గర ఆపాను. ఈసారి రెండు మిల్లీమీటర్లు కూడా తప్పనివ్వలేదు.

"గది లేనిదే గుండెకి ధ్రువపత్రం రాదు, డిసెంబరులో అది బాగయ్యాక బయలుదేరితే మొహం కూడా కొంత సరిచేసి పంపగలం. చెయ్యకుండా పంపితే మీ ముందు దిగే మనిషి ఇలా ఉంటుంది. ఈవిడ ఆగింది దీనికండి. మిమ్మల్ని ఆడించడానికి కాదు."

రత్నాంగి కళ్లలోంచి నీళ్లు నా వేళ్ల మీదికి కారాయి. మూడు సెకన్లు గడిచాయి. ఇంకో మూడు. షెడ్డులో ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

వాళ్లక్క ముందుకు వంగి తెరలోకి చూసింది. తన బుగ్గ తనే తడుముకుంది.

"ఇక్కడ అందరం ఇలాగే ఉంటామమ్మా," అంది.

శివరావు గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రత్నం, ఆ గది బాగయ్యాకే రా. గుండె జాగ్రత్త. మొహానికి ఏం చేయించుకుంటావో, మానుతావో నీ ఇష్టం. నాకు మాత్రం ఇంకో తేదీ చెప్పకు. ఓడ ఎక్కాక చెప్పు, ముహూర్తం అప్పుడే పెట్టిస్తాను."

మాట తెగిపోయాక రత్నాంగి చాలాసేపు అద్దం ముందు నిలబడింది. గీతలు తుడుస్తానంటే వద్దంది. అలాగే పంపుల దగ్గరికి డ్యూటీకి వెళ్లిపోయింది.

అక్టోబరు 9

విచారణ వాళ్లు మూడు గంటలు అడిగారు. "తేడా కనిపించిన మొదటి రోజే గదిని ఎందుకు పరీక్షించలేదు?" అన్నారు.

"డాక్టరు మీద అనుమానంతో సరిపోయింది. గది మీదికి పోలేదు," అన్నాను. ఆ మాట యథాతథంగా రాసుకున్నారు. నా పని ఆపేశారు. ఇక గీతలు గీసేది ఎవరో వాళ్లే తేలుస్తారు. పరాంకుశం గారి సంగతి, నూకరాజు సంగతి కూడా ఇంకా తేలలేదు.

డాక్టర్ హేమాంబర్ పదకొండు మంది కాగితాలూ కింది ఆసుపత్రికి పంపాడు. చెవి వెనక చర్మం తీసి రెప్పకి అతికిస్తే చాలామందికి కన్ను మూతపడుతుందట. అందరికీ పూర్తిగా కాదు. ఇక్కడున్న ముగ్గురికీ నేనే ఎదురుగా కూర్చుని చెప్పాను. ఒకావిడ తలుపు తీసి బయటికి పొమ్మంది. వెళ్లాను.

దిగిపోయిన ఎనిమిది మందికీ ఆసుపత్రి తరఫున ఉత్తరం వెళ్తుంది. కానీ అందులో 'ప్రణాళికలో లోపం' అని రాశారు. అది చాలదనిపించింది. మొదట బొబ్బిలికి మాట కలిపించుకున్నాను.

దాలినాయుడు గారు నల్లకళ్లద్దాలతో కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. అద్దాలు తియ్యమన్నాను. తీశాడు. కళ్లు మూయమన్నాను. ఎడమది దాదాపు మూతపడింది. కుడి రెప్ప కింద ఎర్రటి సందు అలాగే మిగిలింది, అందులో తెల్లగుడ్డు కదులుతోంది.

"దాలినాయుడు గారూ, ఆ గీత నాది," అన్నాను. "డాక్టరు వద్దన్నాడు. యంత్రమూ వద్దంది. నేనే వినలేదు. గది బరువు తగ్గిందని తెలుసుకోవాల్సింది కూడా నేనే."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. వాళ్లమ్మాయి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఇన్నాళ్లూ ఆ కుర్ర డాక్టర్ని తిట్టుకున్నానండి," అన్నాడు. "పొద్దున లేస్తే ఆయన్నే. ఆయన పిల్లల్ని కూడా తిట్టాను, ఉన్నారో లేరో తెలీకుండానే. ఆయనకి నా తరఫున తప్పైందని చెప్పండి."

"చెబుతాను."

"మీకు ఏటి చెప్పాలో ఇప్పుడు తోచట్లేదండి. నాలుగు రోజులు పోనిచ్చి నేనే చేస్తాను."

"ఎప్పుడు చేసినా ఎత్తుతాను," అన్నాను.

తెర ఆరిపోయింది. దిగిపోయినవాళ్ల చీటీలో ఇంకా ఏడు పేర్లున్నాయి. రెండోది తెనాలి. గంట మోగగానే అవతల ఎత్తారు.